తల్లీబిడ్డల క్షేమానికి తొలి 48 గంటలు
ప్రసవానంతరం ఆసుపత్రిలో అందవలసిన సేవలు - ఇంటికి వెళ్లే ముందు కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన అంశాలు

ప్రసవం ఆసుపత్రిలోనే జరగాలన్న సందేశం నేడు తెలుగు రాష్ట్రాల్లో మారుమూల గూడేలకు సైతం చేరింది. 2019-21లో నిర్వహించిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. దేశ సగటు 88.6 శాతం. ఒకనాడు మంత్రసాని చేతిమీదుగా ఇంటి మూల గదిలో జరిగిన పురుళ్లు ఇప్పుడు శిక్షణ పొందిన నర్సులు, వైద్యుల పర్యవేక్షణలో జరుగుతున్నాయి. ఇది చెప్పుకోదగిన విజయం.

అయితే బిడ్డ భూమిమీద పడగానే గండం గడిచిందనుకుని, అదే రోజు లేదా మరునాడే తల్లీబిడ్డలను ఇంటికి తీసుకువెళ్లే అలవాటు పలుచోట్ల ఇంకా కొనసాగుతోంది. ఆసుపత్రిలో కాన్పు జరగడం ఎంత ముఖ్యమో, కాన్పు తరువాత ఆసుపత్రిలో ఉండటం కూడా అంతే ముఖ్యం. సాధారణ కాన్పు అయినప్పటికీ తల్లీబిడ్డలు కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలని కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. సిజేరియన్ అయితే వైద్యుల సలహా మేరకు మరికొన్ని రోజులు ఉండవలసి వస్తుంది. ఈ వ్యవధిలో అందవలసిన సేవలు ఏమిటి, అవి ఎందుకు అవసరం అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎందుకు ఈ 48 గంటలు?

ప్రసూతి మరణాలకు ప్రధాన కారణాల్లో మొదటిది ప్రసవానంతర రక్తస్రావం. ఇది ఎక్కువగా కాన్పు అయిన 24 గంటల లోపే సంభవిస్తుంది. గర్భసంచి గట్టిగా ముడుచుకోకపోయినా, మాయ ముక్క లోపల మిగిలినా, దారిలో చీలిక ఏర్పడినా నిమిషాల వ్యవధిలో ప్రాణాపాయం ఏర్పడవచ్చు. దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని పైన పేర్కొన్న సర్వే తెలిపింది. రక్తం తక్కువగా ఉన్న తల్లి కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. ఆసుపత్రిలో ఉంటే సూది మందు, సెలైన్, అవసరమైతే రక్తం వెంటనే అందుతాయి. ఇంటికి వెళ్లిన తరువాత అర్ధరాత్రి ఈ పరిస్థితి ఎదురైతే వాహనం దొరికి ఆసుపత్రికి చేరే లోపే విలువైన సమయం గడిచిపోతుంది.

రెండవ ప్రమాదం అధిక రక్తపోటు. కాన్పుతో బీపీ తగ్గిపోతుందని అనుకోరాదు. వాడుకలో గుర్రపువాతం అని పిలిచే మూర్ఛలు కాన్పు తరువాత కూడా, ముఖ్యంగా తొలి 48 గంటల్లో రావచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ ఏనాడూ పెరగని వారిలో సైతం ఇవి కనిపించిన సందర్భాలు ఉన్నాయి.

ఇక శిశువు విషయానికి వస్తే, 2020 నమూనా నమోదు గణాంకాల ప్రకారం దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువులలో 28 మంది తొలి పుట్టినరోజు చూడకుండానే మరణించారు. వారిలో 20 మంది మరణించింది మొదటి 28 రోజుల్లోనే. ప్రపంచవ్యాప్తంగా ఈ 28 రోజుల మరణాల్లో సుమారు నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటోంది. అంటే ఏడాది పొడవునా బిడ్డకు పొంచి ఉండే ముప్పులో అధిక భాగం ఆ తొలి రోజుల్లోనే ఉందన్న మాట.

తల్లికి అందవలసిన పర్యవేక్షణ

కాన్పు జరిగిన వెంటనే తల్లిని వార్డుకు తరలించకుండా సుమారు రెండు గంటలపాటు కాన్పుల గదిలోనే పరిశీలనలో ఉంచుతారు. ఆ సమయంలో తరచుగా నాడి, రక్తపోటు చూస్తారు. పొత్తికడుపుపై చేయి వేసి గర్భసంచి గట్టిపడినదీ లేనిదీ గమనిస్తారు. రక్తస్రావం ఎంత అవుతున్నదో పరిశీలిస్తారు. వార్డుకు మార్చిన తరువాత కూడా ఈ పరీక్షలు నిర్ణీత వ్యవధిలో కొనసాగాలి. తల్లి ఆరు గంటల లోపు మూత్ర విసర్జన చేయడం అవసరం. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు, తద్వారా రక్తస్రావం పెరుగుతుంది.

తల్లి పక్కన ఉండే సహాయకురాలి పాత్ర ఇక్కడ కీలకమైనది. నర్సు పరీక్షకు, పరీక్షకు మధ్య తల్లిని కనిపెట్టి ఉండేది ఆమే. ప్యాడ్ తరచుగా తడిసిపోతున్నా, రక్తం గడ్డలుగా పడుతున్నా, తల్లికి చెమటలు పట్టి నీరసంగా ఉన్నా, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకలు, కడుపు పైభాగంలో నొప్పి ఉన్నా క్షణం ఆలస్యం చేయకుండా నర్సుకు తెలియజేయాలి. కాన్పు తరువాత ఇది మామూలే అని సర్దిచెప్పుకోవడం ప్రమాదకరం.

తల్లి రక్తవర్గం నెగెటివ్, బిడ్డ రక్తవర్గం పాజిటివ్ అయిన పక్షంలో తల్లికి 72 గంటల లోపు యాంటీ-డి సూది మందు ఇవ్వవలసి ఉంటుంది. ఇది తరువాతి కాన్పులో పుట్టబోయే బిడ్డను కాపాడుతుంది. త్వరగా ఇంటికి వెళ్లిపోయిన తల్లులు దీనిని కోల్పోయే అవకాశం ఉంది. కాన్పుకూ తరువాతి గర్భానికీ మధ్య కనీసం రెండు సంవత్సరాల విరామం ఉండాలని నిపుణులు సూచిస్తున్నారు. ఇందుకోసం కాన్పు అయిన 48 గంటల లోపు కాపర్-టి అమర్చే సదుపాయం ప్రభుత్వ ఆసుపత్రులలో ఉంది. దంపతుల సమ్మతి మేరకే దీనిని అమరుస్తారు.

బిడ్డకు తొలి గంట

పుట్టిన వెంటనే శిశువును పొడి బట్టతో తుడిచి, తల్లి పొట్టపై లేదా రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టాలి. తొమ్మిది నెలలు తల్లి గర్భంలో వెచ్చగా ఉన్న శిశువు ఒక్కసారిగా బయటి చలికి గురవుతుంది. శిశువు శరీర ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకన్నా తగ్గితే బిడ్డ పాలు తాగలేదు, ఊపిరి సరిగా తీయలేదు. తల్లి దేహం ఇచ్చే వెచ్చదనానికి సాటి వచ్చే యంత్రం లేదనే చెప్పాలి.

పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టించడం ప్రారంభించాలి. మొదట వచ్చే చిక్కని, పసుపు రంగు ముర్రుపాలు పరిమాణంలో కొద్దిగానే ఉంటాయి. బిడ్డకు ఆ కొద్దిపాటి పాలే సరిపోతాయి. వ్యాధి నిరోధక శక్తిని అందించే ఈ పాలను బిడ్డకు తొలి టీకాగా వైద్యులు అభివర్ణిస్తారు. అయినప్పటికీ ముర్రుపాలను పిండి పారబోయడం, పాలు పడేవరకు తేనె, పంచదార నీళ్లు, ఆముదం, గాడిదపాలు నాకించడం వంటి అలవాట్లు కొన్ని కుటుంబాల్లో ఇంకా కనిపిస్తున్నాయి. వీటివల్ల బిడ్డకు విరేచనాలు, ఇతర అంటువ్యాధులు సోకే ప్రమాదం ఉంది. బిడ్డ రొమ్ము చప్పరించడం తగ్గి తల్లికి పాలు రావడం కూడా ఆలస్యమవుతుంది. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అవసరం లేదు. డబ్బా పాలు, పాల సీసాల ప్రచారాన్ని 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం నిషేధించింది.

దేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం మాత్రమేనని ఐదవ కుటుంబ ఆరోగ్య సర్వే వెల్లడించింది. ఆసుపత్రి కాన్పుల శాతంతో పోలిస్తే ఇది సగం కూడా లేదు. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగినట్లు అదే సర్వే తెలిపింది. ఆపరేషన్ అయిన తల్లి పాలివ్వలేదన్నది అపోహ మాత్రమే. నడుముకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లలో తల్లి స్పృహలోనే ఉంటుంది. నర్సు సహాయంతో ఆమె కూడా త్వరగానే పాలు పట్టవచ్చు. బిడ్డను పట్టుకునే తీరు, చనుమొనతోపాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోటిలోకి వెళ్లేలా పట్టించే పద్ధతి నేర్చుకోవడానికి ఆసుపత్రిలో గడిపే రెండు రోజులు మంచి అవకాశం. తల్లిపాలను ప్రోత్సహించే ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2016లో 'మా' కార్యక్రమాన్ని ప్రారంభించింది.

స్నానం, బొడ్డు, కాటుక

పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించరాదు. కనీసం 24 గంటలు ఆగాలి. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ఇంకా ఎక్కువ రోజులు ఆగవలసి ఉంటుంది. బిడ్డ ఒంటిపై ఉండే తెల్లని జిగురు పొర చర్మానికి రక్షణ కవచం. దానిని రుద్ది తీసివేయనవసరం లేదు. బిడ్డ తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు తొడిగి, తల్లి పక్కనే పడుకోబెట్టాలి.

బొడ్డుతాడును శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. పసుపు, బూడిద, నూనె, పౌడరు వంటివి పూయరాదు. కంటికి కాటుక పెట్టడం, చెవిలో, ముక్కులో నూనె చుక్కలు వేయడం, మంత్రించిన నీరు తాగించడం మానుకోవాలి. బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరూ ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూడవచ్చే బంధువులు పరిమిత సంఖ్యలో ఉంటే తల్లీబిడ్డలకు విశ్రాంతి లభిస్తుంది, అంటువ్యాధుల ముప్పూ తగ్గుతుంది.

సూది మందులు, టీకాలు, పరీక్షలు

ఆసుపత్రి విడిచి వెళ్లేలోగా బిడ్డకు ఈ కింది సేవలు అందాలి.

* విటమిన్-కె సూది మందు: నవజాత శిశువుల్లో రక్తస్రావాన్ని నివారిస్తుంది. పుట్టిన కొద్దిసేపటికే తొడకు ఇస్తారు.
* హెపటైటిస్-బి తొలి మోతాదు: పుట్టిన 24 గంటల లోపు ఇవ్వాలి. తల్లి నుంచి బిడ్డకు ఈ కాలేయ వ్యాధి సంక్రమించకుండా కాపాడుతుంది.
* పోలియో చుక్కలు: సున్నా మోతాదుగా రెండు చుక్కలు వేస్తారు.
* బీసీజీ టీకా: ఎడమ భుజంపై ఇస్తారు. తీవ్రమైన క్షయ వ్యాధి రూపాల నుంచి రక్షణ కల్పిస్తుంది.
* బరువు తూచడం: 2.5 కిలోల కన్నా తక్కువ ఉంటే తక్కువ బరువు శిశువుగా పరిగణిస్తారు.
* పుట్టుకతో వచ్చే లోపాల పరీక్ష: గ్రహణం మొర్రి, వంకర పాదం, వెన్నుపూస లోపం, గుండె జబ్బు, కంటి శుక్లం వంటివి ఉన్నాయేమో తల నుంచి పాదం వరకు పరిశీలిస్తారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించిన లోపాలకు ఉచిత చికిత్స అందుతుంది.

బిడ్డ సాధారణంగా 24 గంటల లోపు నల్లని తొలి మలం, 48 గంటల లోపు మూత్రం విసర్జిస్తుంది. అలా జరగకపోతే వైద్యులకు తెలపాలి. తొలి 24 గంటల్లోనే ఒళ్లు పచ్చబడితే అది ప్రమాద సూచన. రెండు మూడు రోజుల తరువాత కనిపించే పసుపు రంగు చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ ఆ పసుపు అరచేతులు, అరికాళ్ల వరకు పాకితే వెంటనే చికిత్స అవసరం. ఎండలో పడుకోబెడితే తగ్గుతుందని ఇంటి వద్దే కాలయాపన చేయరాదు.

బరువు తక్కువ బిడ్డకు తల్లి ఒడే ఆసరా

నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు కంగారూ తల్లి సంరక్షణ పద్ధతి ప్రాణాధారం. డైపరు, టోపీ, మేజోళ్లతో మాత్రమే ఉన్న బిడ్డను తల్లి రొమ్ముల నడుమ నిలువుగా ఆనించి, పైన వస్త్రంతో కట్టి ఉంచడమే ఈ పద్ధతి. తల్లి అలసిపోయినప్పుడు తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఇలా ఎదపై ఉంచుకోవచ్చు. న్యూఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా ఐదు దేశాల్లోని ఆసుపత్రుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన అధ్యయన ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. పుట్టిన వెంటనే ఈ పద్ధతి ప్రారంభించినప్పుడు ఒక కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న శిశువుల మరణాలు నాలుగో వంతు తగ్గినట్లు అందులో తేలింది.

రొమ్ము చప్పరించలేని బిడ్డకు తల్లిపాలను పిండి, శుభ్రపరచిన ఉగ్గుగిన్నెతో లేదా చెంచాతో పట్టించాలి. ఆరోగ్యం విషమించిన శిశువులకు జిల్లా ఆసుపత్రులు, బోధనాసుపత్రులలోని నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స కేంద్రాలలో వైద్యం అందుతుంది. రెండు కిలోల లోపు బరువుతో లేదా 34 వారాల లోపు పుట్టిన శిశువులకు నెల రోజులు నిండేలోగా కంటి రెటీనా పరీక్ష తప్పక చేయించాలి. సకాలంలో గుర్తిస్తే జీవితాంతపు అంధత్వం నుంచి బిడ్డను కాపాడవచ్చు.

బాలింత ఆహారం

బాలింతకు పథ్యం పేరుతో పప్పు, ఆకుకూరలు, పండ్లు, పెరుగు పెట్టకపోవడం, దాహమైనా నీళ్లు తక్కువగా ఇవ్వడం ఆరోగ్యానికి చేటు. కాన్పులో రక్తం కోల్పోయి, బిడ్డకు పాలివ్వవలసిన తల్లికి మామూలు కన్నా ఎక్కువ ఆహారం కావాలి. అన్నం, పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పాలు, అందుబాటులో ఉన్న పండ్లు, సరిపడినంత నీరు ఇవ్వాలి. కాన్పు తరువాత 180 రోజులపాటు రోజుకొక ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు వాడాలి. ఐరన్, కాల్షియం మాత్రలను ఒకేసారి వేసుకోరాదు. ఈ మాత్రలను ఇంటికి వెళ్లే ముందే అడిగి తీసుకోవాలి.

తొందరపాటుకు కారణాలు - ప్రత్యామ్నాయాలు

కుటుంబాలు తొందరపడటానికి కారణాలు లేకపోలేదు. ఇంటి వద్ద చిన్నపిల్లలు ఉండటం, తోడుగా వచ్చిన వారికి కూలి పోవడం, తిథి వార నక్షత్రాలు చూసుకోవడం, ఖర్చు భయం, వార్డులో రద్దీ వంటివి ఇందుకు దారితీస్తున్నాయి. ఖర్చు విషయంలో ఆందోళన అవసరం లేదు. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం పూర్తిగా ఉచితం. సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజుల వరకు తల్లికి ఉచిత భోజనం అందించాలని ఇందులో నిర్దేశించారు. జబ్బుపడిన శిశువుకు ఏడాది వయసు వరకు ఉచిత చికిత్స లభిస్తుంది. తల్లీబిడ్డలను ఇంటికి చేర్చే రవాణా సదుపాయం కూడా ఇందులో భాగమే. తెలుగు రాష్ట్రాల్లో ఈ సేవను 102 వాహనాలు అందిస్తున్నాయి.

మిగిలిన ఏర్పాట్లను కాన్పుకు ముందే కుటుంబం ఆలోచించుకోవాలి. ఇంటి వద్ద పిల్లలను ఎవరు చూసుకుంటారు, ఆసుపత్రిలో తోడుగా ఎవరు ఉంటారు అన్నది తొమ్మిదో నెలలోనే నిర్ణయించుకుంటే తొందరపడవలసిన అవసరం రాదు. మంచిరోజు చూసుకోవాలనుకునేవారు 48 గంటలు పూర్తయిన తరువాత వచ్చే ఘడియను ఎంచుకోవచ్చు. రద్దీ ఉన్నదన్న కారణంతో తల్లులను గడువుకు ముందే పంపివేయకుండా చూడవలసిన బాధ్యత ఆసుపత్రి యాజమాన్యాలపై ఉంది.

ఇంటికి వెళ్లే ముందు సరిచూసుకోవలసినవి

* తల్లికి రక్తపోటు, నాడి, జ్వరం, రక్తస్రావం, కుట్లు ఆ రోజు మరోమారు పరీక్షించారా?
* బిడ్డ చురుకుగా రొమ్ము చప్పరిస్తున్నదా? ఒళ్లు వెచ్చగా ఉన్నదా?
* టీకాల వివరాలు తల్లీబిడ్డల రక్షణ కార్డులో నమోదయ్యాయా?
* డిశ్చార్జి పత్రంలో కాన్పు తేదీ, బిడ్డ బరువు, రక్తవర్గం, వాడవలసిన మందులు, మళ్లీ రావలసిన తేదీ స్పష్టంగా ఉన్నాయా?
* జనన నమోదుకు వివరాలు ఇచ్చారా? జననాన్ని 21 రోజులలోగా నమోదు చేయాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు పలు అవసరాలకు జనన ధ్రువపత్రమే ఆధారం. తల్లిదండ్రుల పేర్లలో అక్షరదోషాలు లేకుండా చూసుకోవాలి.
* ఊరి ఆశ కార్యకర్తకు సమాచారం అందిందా?

వెంటనే ఆసుపత్రికి రావలసిన సందర్భాలు

తల్లి విషయంలో: అధిక రక్తస్రావం, చలి జ్వరం, దుర్వాసనతో కూడిన మైల, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ, ఆయాసం, ఛాతీ నొప్పి, పిక్కలో వాపు నొప్పి, రొమ్ములో గడ్డ, కుట్ల వద్ద చీము. తల్లి అకారణంగా ఏడుస్తున్నా, బిడ్డపై ఆసక్తి చూపకపోయినా, నిద్రపట్టక దిగులుగా ఉన్నా దానిని గాలి, ధూళి అని కొట్టివేయక వైద్యులను సంప్రదించాలి.

బిడ్డ విషయంలో: పాలు తాగకపోవడం, మందకొడిగా ఉండటం, నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాస తీయడం, డొక్కలు ఎగరేయడం, ఒళ్లు చల్లబడటం లేదా జ్వరం, మూర్ఛ, అరికాళ్ల వరకు పసుపు రంగు, బొడ్డు చుట్టూ ఎరుపు లేదా చీము. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు వేచి ఉండక 108 వాహనాన్ని పిలవాలి.

ఇంటికి చేరిన తరువాత

ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లీబిడ్డలను ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి చూస్తారు. బిడ్డ బరువు, ఉష్ణోగ్రత, పాలు తాగే తీరు, తల్లి ఆరోగ్యం పరిశీలించి, అవసరమైతే ఆసుపత్రికి పంపిస్తారు. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన తల్లులు ఆ ఊరి ఆశ కార్యకర్తకు తమ వివరాలు ముందుగానే తెలపాలి. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఈ సేవలు జారిపోకుండా చూసుకోవలసిన అవసరం ఉంది.

ప్రసూతి మరణాల రేటు 2018-20లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43గా నమోదైంది. ఆసుపత్రి కాన్పులు పెరగడం ఈ తగ్గుదలకు ముఖ్య కారణాల్లో ఒకటి. మిగిలిన మరణాల్లో అనేకం నివారించదగినవే. అందుకు కొత్తగా కావలసింది పెద్దగా ఏమీ లేదు. అందుబాటులో ఉన్న సేవలను పూర్తిగా వినియోగించుకుంటే చాలు. కాన్పు కోసం తల్లిని సకాలంలో ఆసుపత్రికి చేర్చిన ప్రతి కుటుంబం, మరో రెండు రోజులు ఓపిక పట్టి, అన్ని పరీక్షలు పూర్తయిన తరువాతే తల్లీబిడ్డలను క్షేమంగా ఇంటికి తీసుకువెళ్లాలని విజ్ఞప్తి.